బడి ఖర్చు ఎవరిది? చెప్పుకోండి చూద్దాం!

పొద్దున్నే యూనిఫాం తొడుక్కుని, సంచీ తగిలించుకుని సైకిలెక్కే కోనసీమ పిల్లాడి వెనక ఎంతమంది ఉన్నారో మీకు తెలుసా? గోదారి రైతులున్నారు, లండన్ పార్లమెంటు ఉంది, మద్రాసు ఇసుక ఉంది, ఢిల్లీ ఖజానా ఉంది, లంక ఊరి ఇల్లాలు ఒకావిడ ఉంది! ఒక్కొక్కరినీ పిలుద్దాం. మీరు మాత్రం కుర్చీ గట్టిగా పట్టుకోండి!

మీకు తెలుసా? బడుల కోసం ఊళ్లో పన్ను వసూలు చేసుకోవచ్చని ఇంగ్లండులో చట్టం వచ్చింది 1870లో. మన గోదారి రైతులు ఆ పని అంతకు పదిహేనేళ్ల ముందే మొదలెట్టేశారు! దొరలకంటే మనమే ముందండీ!

ఎలాగంటారా? 1854 ప్రాంతంలో రాజమండ్రి సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురంలో బడి పెట్టించాడు. ఆ ముచ్చట చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. భూమిశిస్తుతో పాటు బడికి ఇంత అని రైతులు కట్టారు. ఆ పన్నుతో నడిచిన వాటికి రికార్డుల్లో పేరు 'రేట్ స్కూళ్లు'. నరసాపురం ఎక్కడో ఉందనుకునేరు! సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే అవతలి గట్టే!

ఇంకో తమాషా. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. రెండేళ్లు తిరిగేసరికి బడి పన్ను! కాలవలో నీళ్లొచ్చాయి, చేలో పంటొచ్చింది, వెంటనే చేతికి పలకొచ్చింది!

మరి ఈ పన్నుకు చట్టం ఏదీ? లేదు! అందుకే మద్రాసు ప్రభుత్వం 1863లో ఏకంగా ఆరో నంబరు చట్టం చేసింది. అంటే మన గోదారి జిల్లా వసూళ్ల కోసం చెన్నపట్నంలో చట్టం పుట్టిందన్నమాట. పన్నన్నాక సణుగుడు కూడా ఉంటుంది, ఇక్కడా ఉంది. అయినా ఎంత గొప్ప సంగతండీ! చదువుకి దారి చూపించిన ఈ కథ మన బడి పుస్తకాల్లో నిండు పాఠంగా ఉండాలి.

మీకు తెలుసా? 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్క తియ్యమన్నాడు. 1826కి తేలిన మొత్తం: మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు! కంప్యూటరు లేదు, కరెంటు లేదు. చివరి ఒకటి దాకా లెక్కపెట్టేశారు!

అదే లెక్కలో 'పై చదువుల' బడులు ఎక్కువగా ఎక్కడున్నాయో చెప్పుకోండి చూద్దాం. తంజావూరా? కాదు. మద్రాసా? కాదు. మన రాజమండ్రి జిల్లా! కోనసీమ కూడా అప్పుడు అందులోదే. ఏకంగా 279! అన్నింట్లో కలిపి విద్యార్థులెందరు? 1,454 మంది. భాగించి చూడండి, ఒక్కోదానికి అయిదుగురు! గురువుగారి అరుగే కాలేజీ. వెనక బెంచీలో దాక్కుందామంటే వెనక బెంచీయే లేదు!

అయితే ఆ అరుగుల మీదకి అందరి పిల్లలూ ఎక్కలేదు. ఆడపిల్లలూ, అణగారిన కులాల పిల్లలూ చాలావరకు బయటే ఉండిపోయారు. ఈ సంగతి కూడా అదే లెక్కల్లో కనిపిస్తుంది.

మీకు తెలుసా? కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. అప్పటికి ఆయన వయసు 26! ఇవాళ ఆ వయసు కుర్రాళ్లు డీఎస్సీ కోచింగులో ఉంటారు.

మీకు తెలుసా? ఒకప్పుడు వీధిబడి పంతులుగారికి జీతం ఇచ్చేది ఊరే! దసరా వస్తే పిల్లల్ని వెంటేసుకుని, రంగు కాగితాల విల్లంబులతో, పద్యాలు పాడించుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవారు. పంతులుగారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు. బడ్జెట్ సమావేశం, ఆమోదం, విడుదల, అన్నీ వీధి గుమ్మంలోనే!

ఇప్పుడు కాస్త పడవెక్కి సముద్రం దాటుదాం. బ్రిటన్‌లో వేల బడులు మద్రాసు పద్ధతిలో నడిచాయని మీకు తెలుసా? అవును, మద్రాసు పద్ధతే! ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు పాదిరీ 1789లో ఎగ్మూరు అనాథ శరణాలయం బడికి పెద్దయ్యాడు. దగ్గర్లోని వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. నేర్చుకున్న పిల్లాడు నేర్చుకోని పిల్లాడికి చెప్పే పద్ధతి తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఇంకేముంది, దేశం దేశం దానివెంట పడింది! తక్కువ మంది పంతుళ్లతో ఎక్కువమంది పిల్లలకు చదువు చెప్పొచ్చంటే ఎవరికి చేదు?

బెల్ 1832లో చనిపోతే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, రాజుల సరసన సమాధి చేశారు. ఆయన డబ్బుతో ఆయన సొంతూరు సెంట్ ఆండ్రూస్‌లో వెలసిన బడి పేరేమిటో తెలుసా? మద్రాస్ కాలేజీ! ఇప్పటికీ ఉంది. అక్కడి పిల్లలు రోజూ పొద్దున్నే మద్రాసు వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తున్నారు!

మీకు తెలుసా? 1862లో ఇంగ్లండు ఓ వింత రూలు పెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్కలు చేయిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు! ఆ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకీ దిగుమతయింది. పిల్లాడు ఎక్కం తప్పితే పంతులుగారి బియ్యం తగ్గేవి! ఆ రోజుల్లో పరీక్షకి వణికింది పిల్లలా, పంతుళ్లా?

మీకు తెలుసా? ఇంగ్లండులో ప్రసిద్ధికెక్కిన ఈటన్ బడిని ఆరో హెన్రీ రాజు 1440లో పెట్టింది 70 మంది పేద పిల్లల కోసం! ఇప్పుడు అక్కడ ఏడాది ఫీజు 50 వేల పౌండ్లు దాటింది. మన లెక్కలో అర కోటి రూపాయల పైమాటే. హెన్రీ రాజు ఇప్పుడొస్తే తన పిల్లాణ్ణి చేర్చడానికి ఆయనే అప్పు చెయ్యాలి!

ఇంగ్లండులో ప్రాథమిక చదువుకి ఫీజు పోయింది 1891లో. మనకీ అలా కావాలని గోపాలకృష్ణ గోఖలే 1911లో బిల్లు పెట్టారు. 1912లో పడిన ఓట్లెన్నో తెలుసా? వద్దన్నవాళ్లు 38, కావాలన్నవాళ్లు 13. బిల్లు పోయింది! విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది 2010 ఏప్రిల్ 1న. మధ్యలో 98 ఏళ్లు! నాలుగు తరాల పిల్లలు గుమ్మం బయట నిలబడ్డారు. ఈ లెక్క దగ్గర మాత్రం నవ్వు రాదు నాకు.

ఇక అన్నం కబుర్లు. కోనసీమ కాలర్ ఎగరేసే ఘట్టం ఇదేనండి!

రాష్ట్రమంతా బడిపిల్లలు మధ్యాహ్నం తినే అన్నానికి ఎవరి పేరుందో మీకు తెలుసా? డొక్కా సీతమ్మ గారి పేరు! 2024 జులైలో ప్రభుత్వం 'డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం' అని పెట్టింది. అంతకుముందు 2020 నుంచి 'గోరుముద్ద'. సీతమ్మ గారిది పి.గన్నవరం దగ్గర లంకల గన్నవరం. మన కోనసీమ లంక ఊరి ఇల్లాలి పేరు శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ప్రతి బడి వంటింట్లో! ఆయ్!

ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. నాన్నగారు అనుపిండి భవానీశంకరం ఆకలన్నవాళ్లకి అన్నం పెట్టేవారు. ఊళ్లో జనం ఆయన్ని ఏమని పిలిచేవారో తెలుసా? బువ్వన్న! కూతురికి పుట్టింటి నుంచి వచ్చిన కట్నం గరిటే!

లంకల గన్నవరం డొక్కా జోగన్న గారింటికి కోడలుగా వచ్చాక ఆ గరిట ఆగలేదు. వరదలో చిక్కినవాళ్లు, రేవు దాటి వచ్చిన బాటసారులు, ఏ వేళకొచ్చినా విస్తరి పడేది. కులం అడగలేదు, ఊరడగలేదు. అంతర్వేది నరసింహస్వామిని చూద్దామని ఓసారి బయల్దేరారట. దారిలో ఆకలిమీదున్న ఓ కుటుంబం 'సీతమ్మ గారిల్లు దగ్గర్లోనే, అక్కడ అన్నం దొరుకుతుంది' అనుకోవడం విని, అట్నుంచటే వెనక్కి తిరిగి ఇంటికొచ్చి వంట మొదలెట్టారట. స్వామి దర్శనం వాయిదా! ఈ కథ చెప్పని ముసలమ్మ కోనసీమలో లేదు.

ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం వేడుకకి 1903లో ఢిల్లీ రమ్మని సీతమ్మ గారికి పిలుపొచ్చిందనీ, రానంటే ఫొటో తీయించి పట్టుకెళ్లారనీ కూడా ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. చక్రవర్తి పిలిచినా పొయ్యి ఆపలేనన్నారట! ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు అసలు దెబ్బ. బడిపిల్లలకు అన్నం పెట్టొచ్చని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది ఎప్పుడు? 1906లో! అప్పటికి సీతమ్మ గారికి 65 ఏళ్లు. అన్నం పెట్టడం మొదలెట్టి దశాబ్దాలు. పార్లమెంటు ఇంకా గరిట పట్టుకోవడం నేర్చుకుంటోంది! ఆవిడ 1909లో కన్నుమూశారు.

మీకు తెలుసా? మన దేశంలో నగరపాలక సంస్థ బడిలో మధ్యాహ్నం అన్నానికి శ్రీకారం చుట్టింది ఓ తెలుగింటి పెద్దమనిషి! పిట్టి త్యాగరాయ చెట్టి, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు. 1920లో థౌజండ్ లైట్స్ బడిలో. షరతేమిటంటే పిల్లాడికి రోజుకు అణా మించకూడదు. అంటే రూపాయికి పదహారు భోజనాలు! ఇవాళ రూపాయికి కరివేపాకు రెబ్బ రాదు. మద్రాసులో టి.నగర్ ఉంది చూశారూ, ఆ 'టి' ఈయనే!

సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో పొయ్యి వెలిగింది 2003 జనవరిలో. ఇప్పుడు దేశంలో ఈ భోజనం చేసే పిల్లలు 11 కోట్ల పైచిలుకు. బ్రిటన్ జనాభా మొత్తం, పసిపాపల నుంచి పండుముసలి దాకా కలిపినా, దాదాపు 7 కోట్లే! ఒక్క పూటకు ఒకటిన్నర బ్రిటన్లకు వడ్డిస్తున్నామండీ!

మన రాష్ట్రం బడుల్లో వారానికి అయిదు గుడ్లు, మూడుసార్లు చిక్కీ, మూడుసార్లు రాగిజావ. ఇంట్లో గుడ్డు వద్దని మారాం చేసే పిల్లాడు బడిలో రెండోది అడుగుతాడు. ఈ వింతకు మాత్రం ఏ లెక్కా లేదు!

మరి వండే ఆయాలకు నెలకెంతో తెలుసా? 3 వేల రూపాయలు. సున్నా ఎక్కడో తప్పిపోయిందనుకోకండి, అంతే! పొగలో నిలబడి వందమందికి వండే చేతులకు అంతకన్నా ఎంతో ఎక్కువ రావాలి. సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాక ఆ బాధ్యత ఇంకా పెరిగింది.

మళ్లీ గమ్మత్తులకి! కోనసీమ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న, అమలాపురం కేంద్రంగా. సరే, మరి రాజోలు జిల్లా పరిషత్ హైస్కూలు ఏ జిల్లా పరిషత్తుది? కోనసీమది అన్నారా? తప్పు! జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్ విడిపోలేదు. అది పాత తూర్పుగోదావరిదే, ఆఫీసు కాకినాడలో! అన్నదమ్ములు ఇళ్లు పంచుకున్నారు, ఇనప్పెట్టె మాత్రం పెద్దన్న గదిలో ఉంచారు.

మీకు తెలుసా? ఒక్కో మండలానికి మండల విద్యాధికారులు (ఎంఈవోలు) ఇద్దరు! ఎంఈవో-1, ఎంఈవో-2. పిల్లలకు క్లాసులున్నట్టు ఆఫీసర్లకూ నంబర్లు!

మన ప్రభుత్వ బడులు ఎన్ని రకాలో చెప్పగలరా? ప్రైమరీ, అప్పర్ ప్రైమరీ (యూపీ), హైస్కూలు, మూడేనా? 2022లో ఆరు రకాలు చేశారు. 2025లో తొమ్మిది! శాటిలైట్ ఫౌండేషన్, ఫౌండేషన్, బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ... ఊపిరి తీసుకోండి, ఇంకా ఉన్నాయి! పిల్లాడు పదో తరగతి పాసయ్యేలోగా అమ్మానాన్నలు ఈ పట్టిక పాసవ్వాలి.

ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటితే యానాం. అక్కడి వింత వినండి. పుదుచ్చేరికి సొంత పరీక్షల బోర్డు లేదు. అందుకని పుదుచ్చేరి, కారైకాల్ పిల్లలు తమిళనాడు పరీక్ష, మాహె పిల్లలు కేరళ పరీక్ష, యానాం పిల్లలు మన ఆంధ్ర పరీక్ష రాసేవారు. ఒక్క ప్రభుత్వం, మూడు రాష్ట్రాల ప్రశ్నపత్రాలు! ఈమధ్యే ప్రభుత్వ బడులు సీబీఎస్ఈకి మారాయి. ఇది విని బ్రిటన్ మనల్ని చూసి నవ్వడానికి లేదు. ఇంగ్లండు, స్కాట్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లండు, ఒక్క దేశంలో నాలుగు చదువుల వ్యవస్థలు!

మీకు తెలుసా? ప్రతి బడికీ ఓ నంబరుంది. 11 అంకెలు. మన రాష్ట్రం బడులన్నీ 28తో మొదలవుతాయి. కొబ్బరితోట మధ్య రెండు గదుల బడికీ అదే హోదా. ఆధార్ కంటే ఒక్క అంకే తక్కువ!

మీకు తెలుసా? మీరు కట్టే ఆదాయపు పన్ను మీద ఇంకో 4 శాతం పడుతుంది. దాని పేరులో ఆరోగ్యం ఉంది, విద్య ఉంది. 2004లో విద్య పేరుతో 2 శాతంగా మొదలై, 2018కి ఆరోగ్యాన్ని కలుపుకుని నాలుగైంది. పిల్లలు ఎదగలేదేమోగానీ సెస్సు రెట్టింపు ఎదిగింది!

'సమగ్ర శిక్ష' కింద బడికొచ్చే రూపాయిలో 60 పైసలు ఢిల్లీవి, 40 పైసలు రాష్ట్రానివి. సరే, 30 మందికి మించని చిన్న బడికి ఏడాది నిర్వహణ గ్రాంటు ఎంతో చెప్పండి? 10 వేలు! రోజుకు 27 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపురు, ఫినాయిల్, పాడైన కుళాయి, అన్నిటికీ అదే. అమలాపురంలో రెండు టీలు తాగితే బడి బడ్జెట్ హాంఫట్!

మీకు తెలుసా? 'తల్లికి వందనం' కింద 2025 జూన్‌లో ఒక్కో విద్యార్థికి 15 వేలు లెక్కగట్టి, అమ్మ ఖాతాలో 13 వేలు వేశారు. మిగతా రెండు వేలు బడి బాగోగులకి, మరుగుదొడ్ల శుభ్రతకి. అంతకుముందు 'అమ్మ ఒడి'లో ఇంటికి ఒక్కరికే. ఇప్పుడు ముగ్గురు చదివితే ముగ్గురికీ. బ్యాంకు మెసేజీ మూడుసార్లు మోగితే ఆ తల్లి ముఖం చూడాలి!

బడి కిట్టులో పుస్తకాలు, మూడు జతల యూనిఫాం, బూట్లు, బెల్టు, బ్యాగుతో పాటు ఇంకేముంటుందో తెలుసా? ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు! ఆక్స్‌ఫర్డ్ కోనసీమకి నడిచొచ్చింది, అదీ కొబ్బరి చెట్ల కిందకి! పాఠ్యపుస్తకమూ రెండు నాలుకలదే. ఎడమ పేజీ, కుడి పేజీ, ఒకవైపు ఇంగ్లిషు, ఒకవైపు తెలుగు, ఒకే పాఠం. అర్థం కాలేదనే వంకకి చోటేదీ?

మీకు తెలుసా? చట్టప్రకారం బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది అమ్మానాన్నలే ఉండాలి. మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. 2024 డిసెంబరు 7న ఒక్కరోజే రాష్ట్రంలో 44 వేలకు పైగా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు! పిల్లల గుండెలు దడదడలాడిన రోజుల్లో అదో రికార్డు.

గురుకులాల పుట్టిల్లు ఎక్కడో తెలుసా? అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలు. 1971 నవంబరు 23న, పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైంది. ఆ తర్వాత ఆయన ఢిల్లీలో విద్యాశాఖ చూశారు, దేశమంతా నవోదయలు వచ్చాయి. ఇప్పుడు 650కి పైగా! సీట్లలో నూటికి 75 పల్లె పిల్లలకే. మన పిల్లలు ఆరో తరగతికి పెద్దాపురం నవోదయ పరీక్ష రాసేది అందుకే. తమిళనాడులో ఎన్ని నవోదయలో ఊహించండి. సున్నా!

మీకు తెలుసా? 2025 మెగా డీఎస్సీలో పోస్టులు 16,347. దరఖాస్తు చేసినవాళ్లు 3 లక్షల పైనే! పిల్లలకు పరీక్ష పెట్టే ఉద్యోగం కోసం అంత పెద్ద పరీక్ష!

మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' అని నాటకం రాశారు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి అవుతాడు. ఊరూరా ఆడారు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్లు ఎందరో! గ్రాంటు లేదు, పథకం లేదు, తెర ఎత్తితే చాలు, బడి నిండింది!

కిలోమీటరులోపు ప్రైమరీ, మూడు కిలోమీటర్లలోపు యూపీ ఉండాలన్నాయి విద్యాహక్కు చట్టం నిబంధనలు. భేష్! కానీ లంక ఊళ్లలో ఆ కిలోమీటరు నిండా గోదారి ఉంటే? పడవే స్కూలు బస్సు, సరంగే డ్రైవరు! ట్రాఫిక్ జామ్ లేదు, సుడిగుండాలు మాత్రం ఉన్నాయి. ఆ పిల్లల ప్రతి హాజరుకీ రెండు మార్కులు వెయ్యాలని నా గట్టి కోరిక.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో జనాన్ని ఎక్కడికి చేర్చారో చెప్పుకోండి. గట్టుమీది బడులకే! అక్కడే పడక, అక్కడే వంట, అక్కడే మందులు. తాతలూ మామ్మలూ ఒకటో తరగతి బెంచీలమీద. మీకు తెలుసా? వరదొస్తే మా కోనసీమలో పిల్లలకు సెలవు, ఊరంతా హాజరు!